ఇవ్వనిది తీసుకోకండి



విశాఖపట్నం నుంచి భీమిలి పోయే బీచ్ రోడ్డు పక్కన తొట్లకొండ ఎక్కారా? రెండువేల ఏళ్ల కిందట అక్కడి భిక్ఖువులు రాతిలో తొట్లు తొలిచి వాననీళ్లు పట్టుకున్నారు. కొండకి ఆ పేరు అలా వచ్చిందే. ఆ నీళ్లు, భిక్షాన్నం, అంతే వాళ్ల అవసరం.

ఇప్పుడు ఆ కొండ మీంచి చుట్టూ చూడండి. నగరం పెరిగి పెరిగి సముద్రం అంచుకొచ్చేసింది. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లలో పేరుకున్నవి. పొక్లెయిన్ పెట్టి తవ్వితే మళ్లీ రావు.

పంచశీలలో రెండోది అదిన్నాదానా వేరమణి. ఇవ్వనిది తీసుకోకుండా ఉండడం. దీన్ని మనం జేబుదొంగలకే వదిలేశాం! జాలరి వల ఆరేసుకునే ఇసుక, తాబేలు గుడ్లు పెట్టే ఇసుక మనకెవరిచ్చారు? 1927లో మహద్‌లో చెరువు నీళ్లు అందరివీ అని బాబాసాహెబ్ దోసిలి పట్టారు. తీరం మాత్రం కొందరిదా?

"అది పెద్దోళ్ల పని, మనకేం" అంటారు. కానీ నాలుగు రూపాయలు చేరాక మనవాళ్లూ బీచ్ ప్లాటుకి అడ్వాన్సు ఇస్తున్నారు. తరతరాలుగా సెంటు భూమి లేనోళ్లకి ఆ ఆశ తప్పు కాదు. ఇచ్చేముందు మాత్రం అడగండి: సముద్రపు పోటు గీతకి 500 మీటర్లలోపు సీఆర్‌జెడ్ హద్దులో ఉందా? నిన్నటిదాకా ఇక్కడ వలలు ఆరేసుకున్నదెవరు?