పలుకలేనివారి కిచ్చిన మాట

మాట యిచ్చుట యొక పని. ఇచ్చిన మాటను నిలుపుకొనుట వేఱొక పని. మొదటిది గడియలో ముగియును. రెండవది కొన్ని యెడల ఒక్క మనుష్యుని ఆయుఃపరిమితికి లోబడక, అతని తరువాతివారి పైకిని, వారి తరువాతివారి పైకిని పోవును. మాట పుచ్చుకొన్నవాడు కన్నుమూసిన పిమ్మట, ఇచ్చినవాడును గతించిన పిమ్మట, ఆ మాట యెవరిది? దానిని నిలుపవలసిన భారము ఎవరిపై నున్నది? వీలునామా వ్రాసిన ప్రతి యింటను ఈ ప్రశ్న ఏదో యొక రూపమున కలుగుచునే యున్నది. అయినను దీనిని మఱుగులేక చూపు తావు అమెరికా దేశమున కలదు. అచ్చటి క్రయానిక్సు సంస్థలను గూర్చియు, వానిలో అధ్యక్షులు మాఱినపుడు ఉద్యోగుల వారవారపు పని యేమి కావలెనను విషయమును గూర్చియు చదువరులతో విచారింప దలచితిమి.

క్రయానిక్సు అనగా నేమి? వైద్యుడు మరణమును ధ్రువపఱచిన వెంటనే దేహమును మంచుతో చల్లబఱచి, నెత్తురును తీసివేసి, దాని తావున మంచుపలుకులు కట్టనీయని ద్రావణమును నింపి, తుదకు ద్రవ నత్రజని సాయమున −196 డిగ్రీల సెంటీగ్రేడు శీతలమున భద్రపఱచుట. కొందఱు దేహమంతటిని, కొందఱు శిరస్సును మాత్రమే ఇట్లు దాపించుకొందురు. నేటి వైద్యము మాన్పజాలని దానిని రాబోవు కాలపు వైద్యము మాన్పగలదేమో యను ఆశ దీనికి మూలము. అది ఆశయే యని స్పష్టముగా చెప్పవలసి యున్నది. ఇట్లు భద్రపఱుపబడిన వారిలో ఒక్కరును తిరిగి లేవలేదు. ఒక కుందేటి మూత్రపిండమును గాజువలె గట్టిపఱచి, మరల వెచ్చజేసి, కుందేటి కమర్చగా అది పనిచేసెనని గ్రెగరీ ఫాహీ మొదలగు శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించిరి. అది గొప్ప విషయమే. కాని యొక చిన్న మూత్రపిండమునకును, మనుష్యుని స్మృతుల నన్నింటిని మోయు మెదడునకును నడుమ దూరము చాల గలదు.

ఈ తలంపును లోకమునకు విరివిగా తెలియజేసినవాడు రాబర్టు ఎటింజరు అను భౌతికశాస్త్రోపాధ్యాయుడు. ఆయన గ్రంథము 1964లో విస్తృతముగా వెలువడెను. 1967 జనవరి 12వ తేదీని జేమ్సు బెడ్ఫర్డు అను మనస్తత్త్వశాస్త్రాచార్యుడు మరణింపగా, ఆయన దేహము మొట్టమొదట ఈ విధమున భద్రపఱుపబడినది. 1972లో చేంబర్లేను దంపతులు కాలిఫోర్నియాలో ఆల్కారు సంస్థను స్థాపించిరి. అది 1994లో ఆరిజోనా రాష్ట్రమునకు తరలినది. 1976లో ఎటింజరు మిచిగను రాష్ట్రమున క్రయానిక్సు ఇన్స్టిట్యూటును నెలకొల్పెను. ఈ రెండు చోట్లను కలిపి నేడు నాలుగువందలకు మించిన వారు భద్రపఱుపబడి యున్నారు.

ఇట్టి సంస్థలో ఒక వారము ఎట్లు గడచును? వార్తాపత్రికలు చదివినవారు అచ్చట నిత్యము అద్భుతములు జరుగుచుండునని తలపవచ్చును. నిజమునకు అచ్చటి పని మన యిండ్లలో దీపమునకు చమురు పోయుట వంటిది. ద్రవ నత్రజని దానంతటదియే ఆవిరియై పోవు పదార్థము. దేహముల నుంచు పాత్రలకు రెండేసి గోడలుండును. గోడల నడుమ గాలిని తీసివేసి యుందురు. వానిని చల్లగా నుంచుటకు విద్యుచ్ఛక్తి అక్కఱలేదు. కాని పాత్ర యెంత మంచిదైనను నత్రజని కొంచెము కొంచెముగా తఱుగుచునే యుండును. తఱిగినదానిని కొలువవలయును, కొలిచి నింపవలయును, నింపినది పుస్తకమున వ్రాయవలయును. దేహములను తలక్రిందుగా నుంచుటకు కారణము ఈ తఱుగుదలను గూర్చిన భయమే: ఎవరి పొరపాటు చేతనైనను మట్టము పడిపోయినచో, తల కడపట వెచ్చబడవలెనని వారి యెత్తుగడ.

ఇంతియ కాదు. మరణాసన్నుడైన సభ్యుని చెంతకు ఏ యర్ధరాత్రమున పోవలసి వచ్చునో తెలియదు గనుక, ప్రయాణపు పెట్టెలలోని మందులు గడువు దాటకుండ చూచుకొనవలయును. పెక్కుమంది ఈ వ్యయమును జీవిత బీమా సొమ్ముతో చెల్లింతురు. ఆ పత్రములు చెల్లుబాటులో నున్నవో లేవో విచారింపవలయును. సభ్యుల లేఖలకు ప్రత్యుత్తరములు వ్రాయవలయును. జమాఖర్చులు సరిచూడవలయును. సోమవారము చేసిన పని మఱుసటి సోమవారమునకు మరల చేయవలసినదే. ఇందు వీరత్వము లేదు, కీర్తి లేదు. చేసినపుడు ఎవ్వరును మెచ్చరు. మానినపుడు చాలకాలము వఱకు ఎవ్వరును కనుగొనలేరు.

ఈ కడపటి మాటయే మా విచారమునకు ముఖ్యము. లోకమున సేవ పొందువారు సాధారణముగా సేవకుని తప్పు పట్టగలరు. పసిబిడ్డ ఆకలి వేసిన ఏడ్చును. మైనరు బాలుడు పెద్దవాడై తన యాస్తిని గూర్చి సంరక్షకుని లెక్క యడుగును. పాత్రలోనివాడు ఏడ్వలేడు, లెక్క యడుగలేడు, వేఱొక సంస్థకు మాఱిపోలేడు. శాసనము దృష్టిలో అతడు మృతుడు. ఆ దేశపు చట్టము ప్రకారము అతని దేహము సంస్థకు దానముగా నీయబడినది. సంస్థవారు మాత్రము అతనిని రోగి యని పిలుతురు. ఈ రెండు పేరులలో ఏది సరియైనదో కాలమే చెప్పవలయును. ఏ పేరు పెట్టినను అతని నిస్సహాయత మాత్రము తఱుగదు. నిస్సహాయుడైన కొలదియు కావలివాని బాధ్యత పెరుగునని మా యభిప్రాయము.

ఆ బాధ్యత చెడినచో ఏమి జరుగునో కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్తు శ్మశానవాటిక చూపినది. అచ్చట భూగృహమున కొందఱి దేహములను భద్రపఱచుటకు ఒక సంఘమువారు పూనుకొనిరి. దాని నాయకుడు టెలివిజను మరమ్మతు వృత్తిగా గలవాడు. బెడ్ఫర్డును భద్రపఱచుటలోను పాల్గొనినవాడు. ఉత్సాహమునకు లోటులేదు, లోటు ధనమునకు వచ్చినది. శాశ్వతమైన వ్యయమునకు శాశ్వతమైన నిధి లేదు. బంధువులలో కొందఱు సొమ్ము పంపుట మానిరి. నత్రజని పోయుట నిలిచిపోయినది. తొమ్మండుగురి దేహములు కరగి చెడిపోయినవి. 1979లో సంగతి బయటపడినది. బంధువులు న్యాయస్థానమునకు పోయిరి. 1981లో వారికి అనుకూలముగా తీర్పు వచ్చినది. దేహములు చెడుట యొక దోషము. చెడిన సంగతిని ఎఱిగియుండియు బంధువులకు చెప్పకుండుట అంతకంటె పెద్ద దోషము. ధనము లేక మాట తప్పుట దుర్బలత యనవచ్చును. తప్పినమాట నిలిచియున్నదని నమ్మించుట వంచన గాక మఱేమి?

ఇక అధ్యక్షులు మాఱుటను గూర్చి. దశరథుడు గతించినపుడు కుమారు లెవ్వరును చెంత లేనందున అమాత్యులు ఆయన దేహమును తైలద్రోణియం దుంచి భరతునికై దూతలను పంపిరని రామాయణకథ. భరతుడు వచ్చి, రాజ్యమును స్వీకరింపుమని మంత్రులు కోరుటకు ముందే, తండ్రి దేహమునకు చేయవలసిన సంస్కారములను చేసెను. కొత్తగా వచ్చినవాని మొదటి విధి సింహాసనము కాదు, కాచియుంచిన దేహము. అయితే అయోధ్యలోని కావలి కొన్నాళ్లది. దాని ముగింపు అందఱకును తెలిసినదే. క్రయానిక్సు కావలికి గడువు లేదు. అందుచేత ఇచ్చట అధ్యక్షులు ఒక్కమారు కాదు, పెక్కుమారులు మాఱవలసినదే.

ఎటింజరు 2003లో అధ్యక్షపదవిని బెన్ బెస్టు అను వాని కప్పగించెను. 2012లో అది డెనిస్ కొవాల్స్కీకి వచ్చినది. ఈ నడుమ, 2011లో, తొంబదిరెండేండ్ల వయస్సున ఎటింజరు మరణించి, తాను స్థాపించిన సంస్థలోనే భద్రపఱుపబడెను. అచ్చట 1977లో మొదట నుంచబడినది ఆయన తల్లి. తరువాత ఆయన భార్యలిరువురును. మిగిలినవారికి మాట యిచ్చినవాడు ఇప్పుడు మాట పుచ్చుకొన్నవారి వరుసలో నున్నాడు. తాను ఏర్పఱచిన నియమములను అమలుజరుపుమని ఆజ్ఞాపించుటకు ఆయనకు నోరు లేదు. వేతనమునకు పనిచేయు ఉద్యోగి ఒకడు ఈ వారము కొలత చూచెనా లేదా యనుటపై ఆయన ఆశయంతయు ఆధారపడి యున్నది. స్థాపకులందఱును తలచుకొనవలసిన సంగతి యిది.

ఆల్కారు సంస్థకు 2011లో మాక్సు మోరు అధ్యక్షుడయ్యెను. ఆయన తత్త్వశాస్త్రము చదివి, కాలక్రమమున మాఱుచుండియు మనుష్యుడు తానుగానే ఎట్లు నిలుచునను విషయముపై గ్రంథము వ్రాసి పట్టమందినవాడు. అట్టి పండితుడు పదవికి వచ్చినను పాత్రలలోని నత్రజని తఱుగుట మానదు. కొత్త అధ్యక్షుని తత్త్వమునకు పరీక్ష ఉపన్యాసవేదికపై కాదు, కొలతల పుస్తకమున జరుగును. ఇది ఆయన కొక్కనికే కాక, ఆయనకు పూర్వమును తరువాతను ఆ పదవి నెక్కిన వారందఱకును చెల్లును.

కొత్తవాడు ఏమి మార్పవచ్చును, ఏమి మార్పరాదు? ఇచ్చట రెండు విధములైన ప్రమాదములు కలవు. కొత్త పేరు సంపాదింపవలెనను కోరిక మొదటిది. పరిశోధనకు సొమ్ము కావలయును, కట్టడమునకు సొమ్ము కావలయును, కొత్త సభ్యులను పిలుచుటకు సొమ్ము కావలయును. వీని నడుగువా రందఱును నోరుగలవారు. లోన నున్నవారి నిధి మాత్రము నోరులేనివారిది. కావుననే ఆల్కారువారు 1997లో ఆ నిధిని సంస్థ సామాన్యవ్యయమునుండి వేఱుచేసి ప్రత్యేకమైన ట్రస్టుగా నేర్పఱచిరి. మంచి మనుష్యుని నమ్ముట మేలే. మంచి మనుష్యునికి తరువాత వచ్చువాడు ఎట్టివాడో తెలియదు గనుక నియమము నేర్పఱచుట అంతకంటె మేలు.

రెండవ ప్రమాదము స్థాపకుల పైని గౌరవముచేత ఏదియు మార్పకుండుట. బెడ్ఫర్డు దేహము ఒకచోటినుండి మఱియొక చోటికి తరలుచు 1982లో ఆల్కారు సంరక్షణలోనికి వచ్చినది. 1991లో వారు పాతపాత్రను కోసి తెఱచి, దేహమును పరీక్షించి, కొత్తపాత్రలోనికి మార్చిరి. పాతపాత్రను ముట్టరాదని కూర్చుండినచో అది భక్తి యనిపించుకొనును గాని సంరక్షణ కానేరదు. పద్ధతి మార్పవచ్చును, పనివారిని మార్పవచ్చును, పాత్రను మార్పవచ్చును. ఎవరికొఱకు ఆ పాత్ర యున్నదో వారిని మఱువరాదు. వారి సొమ్మును వేఱొక దాని కర్పింపరాదు.

ఇచ్చట కొందఱు చదువరులు ఆక్షేపింపవచ్చును. చావును ఒప్పుకొనలేని యహంకారమునకు ఇంత ధర్మవిచార మెందుకు? బ్రదికియున్న అనాథలకు పెట్టవలసిన ధనమును మృతులకు పెట్టుట న్యాయమా? ఈ యాక్షేపణను మేము తేలికగా త్రోసివేయము. క్రయానిక్సు ఇన్స్టిట్యూటువారి కనిష్ఠరుసుము 28,000 డాలర్లు. సామాన్యగృహస్థునకు అది చిన్న సొమ్ము కాదు. భార్యాబిడ్డల జీవనమునకు కావలసిన దానిని తన దేహరక్షణకు వ్రాసి పోవువానిని మేము సమర్థింపము. ఆ తీర్మానము చేసికొనువా డింకను బ్రదికియే యున్నాడు. అతనితో వాదింపవచ్చును, వద్దని చెప్పవచ్చును. కాని సొమ్ము పుచ్చుకొని, మాట యిచ్చి, దేహమును పాత్రలో నుంచిన పిమ్మట వాదమునకు తావులేదు. అప్పుడు కావలివాడు ఆ యాశ వట్టిదని తలచి పని మానుట, అప్పు తీసికొన్నవాడు ఋణదాత ధనమును దుర్వినియోగము చేయునని చెప్పి బాకీ యెగవేయుట వంటిది. ఆశ ఫలించునా లేదా యనునది శాస్త్రమునకు సంబంధించిన ప్రశ్న. మాట నిలుచునా లేదా యనునది మనుష్యునకు సంబంధించిన ప్రశ్న. మొదటిదానికి ప్రత్యుత్తరము రాకున్నను రెండవదానికి ఈ వారమే ప్రత్యుత్తర మీయవలసి యున్నది.

అట్లే బ్రదికియున్నవారి యెడలను ఒక ఋణము కలదు. అది సత్యము. మరణశయ్య చెంత కూర్చున్న భార్య "వీరు తిరిగి వత్తురా?" యని యడిగినపుడు, ఉద్యోగి "తెలియదు" అని చెప్పవలయును. దుఃఖములో నున్నవారికి ఆశను అమ్ముట సులభము గనుకనే అచ్చట సత్యము మఱింత అవసరము. కొత్త అధ్యక్షుడు సభ్యులసంఖ్యను పెంపదలచినపుడు మొదట జాఱునది ఈ "తెలియదు" అను మాటయే. దానిని కాపాడుకొనిన సంస్థ తన యాశ విఫలమైనను మోసగించిన దనిపించుకొనదు.

ఈ విచారము సముద్రముల కావలివారికి మాత్రమే యని చదువరులు తలపకుందురుగాక. గతించినవారి ధనముతోను, వారి మాటపైని నడచు సంస్థలు మన నడుమను కలవు. సత్రములు, గ్రంథాలయములు, బాలికాపాఠశాలలు, అనాథశరణాలయములు, ఇవన్నియు స్థాపకుడు పోయిన పిదప వేఱొకని చేతిలో పడినవే. వాని సభలలో మనము స్థాపకుని చిత్రపటమునకు పూలమాల వేసి కొత్త కార్యదర్శిని అభినందించి వచ్చుచున్నాము. ఈసారి పోయినపుడు ఆ కొత్తవారిని మర్యాదగా మూడు సంగతులు అడుగవలయునని మా మనవి. శాశ్వతనిధి వేఱుగా నున్నదా? దాని లెక్క కోరినవారికి చూపుదురా? లెక్క యడుగలేనివారి కొఱకు చేయవలసిన పని గడచిన వారము ఎవరు చేసిరి?