చేతికి పని ఇచ్చేవాళ్లు

న్యూజెర్సీలో పెద్దవాళ్లుండే ఒక అసిస్టెడ్ లివింగ్‌లో మా వదిన యాక్టివిటీస్ అసిస్టెంటు. నర్సు మందులిస్తుంది, కేర్‌గివర్ స్నానం చేయిస్తుంది. ఈవిడ పాటలు పాడిస్తుంది, బొమ్మలు వేయిస్తుంది, బింగో ఆడిస్తుంది. మొన్న ఫోన్లో సూటిగానే అడిగాను.

"వదినా, మందు ఆగితే ప్రాణం మీదికొస్తుంది. బింగో ఆగితే ఏమవుతుంది?"

"మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. జీవితమంతా పోస్ట్‌మన్‌గా చేశారు, భార్య పోయాక ఇక్కడ చేరారు. వేళకి మందులు, వేళకి భోజనం, దేనికీ లోటు లేదు. అయినా గది దాటేవారు కాదు. బింగోకి పిలిస్తే తలుపేసుకునేవారు. ఆ రోజు ఏమేం జరుగుతాయో రాసిన కాగితాలు పొద్దున్నే గదిగదికీ పంచాలి, అది నా పని. ఒకరోజు ఆ కట్ట ఆయన చేతిలో పెట్టి, కాస్త సాయం చేస్తారా అన్నాను. తీసుకుని, ముందు గది నంబర్ల వరసలో సర్దుకున్నారు. ఇప్పుడు ఎవరి తలుపు కింద నిన్నటి కాగితం అలాగే పడుందో నాకొచ్చి చెప్పేది ఆయనే."

"ఇది ఒకరకంగా మభ్యపెట్టడం కాదా?"

"ఆయన పంచినవాటిని నేను చాటుగా చెత్తబుట్టలో వేస్తే మభ్యపెట్టడమే. ఈ పని నిజంగా జరగాలి. ఉత్తుత్తి పనిని పెద్దవాళ్లు ఇట్టే పట్టేస్తారు."

1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ ప్రచురించిన పరిశోధన గుర్తొచ్చింది. కనెక్టికట్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఒక అంతస్తు వాళ్లకి మొక్కలిచ్చి, వీటిని మీరే చూసుకోండి, సినిమా ఏ రోజు చూస్తారో మీరే తేల్చుకోండి అన్నారు. ఇంకో అంతస్తులోనూ మొక్కలిచ్చారు, నీళ్లు పోసింది మాత్రం నర్సులు. మొదటివాళ్లే ఎక్కువ చురుగ్గా, సంతోషంగా ఉన్నట్టు తేలింది. మొక్క రెండుచోట్లా ఉంది, బాధ్యతే ఒకచోట లేదు. రోజంతా ఒకరి చేత చేయించుకునే మనిషికి, తానూ మరొకరి అక్కరకొచ్చే వీలుండాలి. మందులాగే అదీ అవసరమని ఇప్పుడు నా గట్టి నమ్మకం.

"మరి ఏదీ చేయననే వాళ్లుంటే?"

"చేయననే హక్కూ వాళ్లదే. రేపు మళ్లీ అడుగుతాను. అడగడం మానేస్తే తప్పు నాది."

"జనవరిలో మీ యాక్టివిటీస్ వాళ్లకోసం ఒక వారం జరుపుతారటగా?"

"జరుపుతారు, కేకు కోస్తారు, సంతోషమే. కానీ ఇళ్లవాళ్లు ఫోన్ చేస్తే బీపీ ఎంతుంది, భోజనం చేసిందా అంటారు. ఇవాళ ఏం చేసింది అని అడిగేవాళ్లు తక్కువ. అమ్మకి ఏ పాటలిష్టం, దేనికి కోపమొస్తుంది, ఒక పేజీ రాసిచ్చినా మాకు ఎంత సాయమో!"

అమెరికా నర్సింగ్ హోముల్లో ఇలాంటి కార్యక్రమాలను 1987 నాటి ఫెడరల్ చట్టం తప్పనిసరి చేసింది. అసిస్టెడ్ లివింగ్‌కి మాత్రం ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానివే. ఆ సంగతే అంటే వదిన గొంతు పెరిగింది.

"అందుకే మెచ్చుకోలు నోటిమాటతో ఆగకూడదు. ఫలానా ఆవిడ మా నాన్న చేత ఫలానా పని చేయించింది, ఆయన మళ్లీ నలుగురిలోకి వచ్చారు అని మేనేజరుకి రాసివ్వాలి. ఖర్చు తగ్గించాల్సొస్తే మా దగ్గర ముందు కోసేది మా గంటల్నే. అలాంటి కాగితాలు నాలుగు ఫైల్లో ఉంటే నేను వెళ్లి మాట్లాడగలను."