బలమును దాచుకొనుట ధర్మమేనా?

గత మాసమున మా మనుమడు పాఠశాలలో ఎనిమిదివందల మీటర్ల పందెమునకు పేరిచ్చి వచ్చి, "తాతా, మొదటి చుట్టే వేగంగా పోయేదా, కడచుట్టుకు బలం దాచిపెట్టుకొనేదా?" అని యడిగెను. ముప్పదియైదేండ్లు గుమాస్తాపని చేసిన మాకు ఆ ప్రశ్న చిన్నదిగానే తోచెను. రాత్రి పరుండిన పిమ్మట అది చిన్నది కాదని తెలిసినది.

చిన్నమనూరున పుట్టినవారికి ఈ విద్యలో మొదటి గురువు ముల్లై నది. 1895లో పెరియారు ఆనకట్ట పూర్తియై, పడమటికి పోవు నీరు కొండసొరంగము గుండ మన కంబము లోయకు మరలినది. ఆ నీట మేమును ఈదినవారమే. గట్టు విడువగనే చేతులు గబగబ కొట్టినవాడు నడుమ నదిలో రొప్పుచుండెడివాడు. వేగము రెట్టింపైనచో నీటి యెదురు ఇంచుమించు నాలుగు రెట్లగును. తొందరపడినవానిని నీరు అప్పుడే దండించును. నేల కొంతదూరము అప్పిచ్చి, పిదప వడ్డీతో వసూలు చేయును.

అయినను ఎనిమిదివందల మీటర్ల పందెము విచిత్రమైనది. 2012లో లండను ఒలింపిక్ క్రీడలలో కెన్యా దేశీయుడు డేవిడ్ రుడీషా 1 నిమిషము 40.91 సెకండ్లలో ప్రపంచ రికార్డు నెలకొల్పినపుడు, మొదటి చుట్టు 49.28, రెండవది 51.63 సెకండ్లు. అనగా కడచుట్టుకు దాచుకొన్నది లేదు. మైలు పందెమున 1954 మే 6వ తేదీన ఆక్స్‌ఫర్డులో బానిస్టరు నాలుగు నిమిషముల హద్దును దాటినది, మిత్రులైన బ్రాషరు, చాటవేలు ఒకరి తరువాత నొకరు ముందు పరుగెత్తి వేగము కుదిర్చినందున. వారు తెలిసియే యిచ్చిరి. అందు ధర్మసందేహ మేమియు లేదు.

సందేహమెల్ల శ్రీరాంసింగు విషయముననే. రాజపుతానా రైఫిల్స్ సైనికుడైన ఆయన 1976లో మాంట్రియల్ ఒలింపిక్ తుదిపందెమున మొదటి చుట్టు పెక్కుభాగము అందరికంటె ముందుండి నడిపెను. ఆ వేగమును పట్టుకొని క్యూబా వీరుడు హువాంటొరీనా 1 నిమిషము 43.50 సెకండ్లలో ప్రపంచ రికార్డుతో గెలిచెను. శ్రీరాంసింగు ఏడవవాడు. ఆయన యెవరికిని బలము దానమిచ్చుటకు పోలేదు, తనకొరకే పరుగెత్తెను. ఫలము పరునికి దక్కినది. దీనిని అవివేక మందుమా? ఆనాటి ఆయన కాలము 1 నిమిషము 45.77 సెకండ్లు భారతదేశపు రికార్డుగా 2018 వరకు నిలిచినది. నలువదిరెండేండ్లు! దాచుకొని పరుగెత్తియున్నచో స్థానమొకటి రెండు మెట్లు పైకి వచ్చెడిదేమో. ఈ కాలము మాత్రము వచ్చియుండదని మా నమ్మకము.

మేము దాచుకొన్నవారము. ఇంట తెనుగుమాట యున్నది, బడిలో అరవము. పిల్లలకు తెనుగక్షరములు నేర్పవలెనని మాకుండెను. పెద్దపరీక్ష కానిమ్ము, ఉద్యోగము దొరకనిమ్ము, మేము విశ్రాంతి పొందిన తరువాత తీరికగా కూర్చుండబెట్టుదమని వాయిదా వేసితిమి. విశ్రాంతి వచ్చునప్పటికి పెద్దవాడు కోయంబత్తూరు చేరెను. ఊరనున్న చిన్నవానికి తీరిక లేదు. మా తండ్రిగారు తెనుగున వ్రాసిన జాబులు అటకమీది పెట్టెలో నున్నవి. మా కుమారు లిరువురును వానిని చదువలేరు. పందెమున చుట్టులెన్నియో ముందే తెలియును, కడచుట్టుకు గంట కొట్టుదురు. మాకు గంట వినబడలేదు.

మా వీధిలో నొక పెద్దమనిషి, మేము ఉద్యోగమున నున్న కాలముననే, తన యింటి తిన్నెమీద తెనుగు రాత్రిబడి పెట్టెను. రెండేండ్లలో అలసి మానివేసెను. ఆరంభశూరుడని నవ్వినవారిలో మేము నొకరము. ఆయనయొద్ద చదివిన నలుగురు నేటికిని తెనుగు చదువుచున్నారు. పెండ్లి శుభలేఖ తెనుగున వ్రాయవలసివచ్చినచో ఊరివారు వారియొద్దకే పోవుదురు.

మనుమనికి ఏమి చెప్పవలెనో తోచక, "నీ కాళ్లు చెప్పినట్లు చేయుమురా" అంటిమి. వాడు నాలుగవవాడుగా వచ్చెను. ఇంటికి వచ్చి, "తాతా, మొదటి చుట్టు అందరికంటే ముందు నేనే!" అని చెప్పుకొనెను గాని, నాలుగవ స్థానమును గూర్చి మేమడుగువరకు చెప్పలేదు.

ఆ సాయంకాలము అటకమీది పెట్టెను దింపించి, మా తండ్రిగారి జాబొకటి విప్పి, అందలి 'అ' ఎచ్చట నున్నదో వానికి చూపితిమి. కాళ్ల నొప్పులకు నూనె రాచుకొనుచునే చూచెను. 'ఆ', 'ఇ' దాటునప్పటికి నిద్రపోయెను.