చాకు అడిగినవాడు

నా చాకు బేగంబజార్‌లో కొన్నది. మడిస్తే గుప్పిట్లో ఇముడుతుంది, తెరిస్తే మూడంగుళాల బ్లేడు. కర్ర పిడి, దానికి ఇత్తడి రివిట్లు. నాచారం ఐడీఏలో ఒక అట్టపెట్టెల కంపెనీలో డిస్పాచ్ చూసుకుంటాను. పదహారేళ్లుగా పొద్దున ఘట్‌కేసర్‌లో బస్సెక్కే ముందు తడిమి చూసుకునేవి మూడు: బస్ పాసు, ఫోను, చాకు.

డిస్పాచ్‌లో చాకుతో పని పడని గంట ఉండదు. కట్టల మీద పీపీ స్ట్రాపు కోయాలి, సుతిలి తాడు తెంపాలి, పాలెట్‌కు చుట్టిన ప్లాస్టిక్ ఫిల్మ్ చీల్చాలి. రోజుకు పదిమంది అడుగుతారు. "అన్నా, జర చాకు." "అంకుల్, చాకూ దేనా." ఆఫీసు గదిలోంచి, "ఏమయ్యా, నీ చాకు ఇటివ్వు." ఏళ్ల తరబడి అడిగిన వాళ్లందరికీ ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ లోపల ఒక మాట అనుకున్నాను: కోసే పనికి వస్తూ, కోసే వస్తువు లేకుండా ఎట్లా వస్తారు? చెయ్యి ఇస్తూనే ఉండేది, మనసు లెక్క రాస్తూనే ఉండేది. ఇట్లా ఇచ్చింది ఇచ్చినట్టా అని చాలా ఏళ్లు నన్ను నేనే అడుక్కున్నాను.

ఈ లెక్క రాసే మనసు నాకు ఇంటినుంచే వచ్చింది. మా నాయన తాళ్లెక్కేవాడు. ఏదులాబాద్ చెరువు దిక్కు తాటిచెట్లు ఆయన పొలం లాంటివి. మోకు, ముస్తాదు, నడుముకు గీత కత్తులు. ఆ కత్తిని ఇంట్లో అమ్మ కూడా ముట్టేది కాదు. పదును ఒక్క వెంట్రుక వాసి తప్పినా గీత సరిగ్గా పడదు, కల్లు తగ్గుతుంది. ఊళ్లో ఎవరైనా కత్తి అడిగితే నాయన లేదనేవాడు కాదు, ఇచ్చేవాడూ కాదు. "కత్తియ్య గానీ, నేనొస్త పా" అని లేచి వాళ్ల వెంట పోయేవాడు. తాడు కోయాలన్నా, కొమ్మ కొట్టాలన్నా తనే చేసి వచ్చేవాడు. చిన్నప్పుడు అది పిసినారితనం అనుకున్నాను. అమ్మది ఇంకో పట్టింపు. కత్తిపీట అయినా, కత్తెర అయినా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఇయ్యొద్దు, పగ వస్తుంది, కింద పెట్టు, వాళ్లే తీసుకుంటారు. ఈ ఇద్దరి మాటలూ నాకు ఎంత ఆలస్యంగా అర్థమయ్యాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా స్టోర్స్‌లో ఒక పెద్దాయన ఉండేవారు. చాచా అని పిలిచేవాళ్లం. ఒక శుక్రవారం ఆయన నమాజు నుంచి తిరిగొచ్చేసరికి నేను ఎవరినో విసుక్కుంటూ చాకు ఇస్తున్నాను. కాసేపయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని మాఊన్ సూరా గురించి చెప్పారు. ఖురాన్‌లో 107వది, ఏడే ఆయతులు. అనాథను గెంటేసేవాడితో మొదలవుతుంది. పేదకు అన్నం పెట్టమని ఇంకొకరికైనా చెప్పనివాణ్ని దాటుతుంది. ధ్యాస లేకుండా, నలుగురూ చూడాలని నమాజు చేసేవాళ్లను హెచ్చరిస్తుంది. చివరికి మాఊన్ ఇవ్వనివాళ్ల దగ్గర ఆగుతుంది. ఆ మాటకు జకాత్, అంటే విధిగా ఇవ్వాల్సిన దానం, అని అర్థం చెప్పినవాళ్లూ ఉన్నారట. ప్రవక్త సహచరుడు ఇబ్న్ మసూద్ మాత్రం, మనుషులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకునే కుండ, బొక్కెన, గొడ్డలి లాంటివి అన్నారట. చాచాకు ఆ అర్థమే నచ్చింది. "దేవుడు నీ జేబు కూడా చూస్తున్నాడు బేటా" అన్నారు. అనాథను గెంటేయడం, పొరుగువాడికి గొడ్డలి ఇవ్వకపోవడం ఒకే ఏడు వాక్యాల్లో పక్కపక్కన ఉండటం నన్ను కుదిపింది. అంత చిన్న వస్తువు కాబట్టే అది మనిషిని పట్టిస్తుందేమో. పెద్ద దానం చేయలేకపోయానని చెప్పుకోవడానికి కారణాలుంటాయి. చాకు ఇవ్వనివాడికి ఏ కారణమూ ఉండదు.

చాచా చెప్పిన మాటను ప్యాకింగ్‌లో పనిచేసే చెల్లె ఒప్పుకోలేదు. ఆమె ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. మత్తయి సువార్త 25వ అధ్యాయం తీసింది. పదిమంది కన్యకలు దివిటీలతో పెళ్లికుమారుడి కోసం ఎదురుచూస్తారు. ఐదుగురు సిద్దెల్లో నూనె కూడా తెచ్చుకున్నారు, ఐదుగురు తెచ్చుకోలేదు. పెళ్లికుమారుడు ఆలస్యం చేశాడు. అర్ధరాత్రి కేక వినబడి లేచేసరికి లేనివాళ్ల దివిటీలు ఆరిపోతున్నాయి. నూనె అడిగితే ఉన్నవాళ్లు, ఇస్తే ఎవరికీ చాలదు, పోయి కొనుక్కోండి అన్నారు. కొనుక్కుని వచ్చేసరికి తలుపు మూసి ఉంది. "ఇయ్యనోళ్లను తప్పు పట్టలే చూడన్నా. తెచ్చుకోనోళ్లే బయట నిలబడ్డరు."

నూనె పోస్తే తరుగుతుంది చెల్లె, చాకు తిరిగొస్తుంది, అన్నాను. ఆ పూటకు నేనే గెలిచాననుకున్నాను. రాత్రి ఇంట్లో సానరాయి తడిపి కూర్చున్నాక ఆమె మాటలో బలం తెలిసింది. ఎవరో నా చాకుతో ఎండిన గమ్ము గీకారు. ఎవరో స్టేపుల్ పిన్నులు పీకారు. మొన కొంచెం వంగింది, అంటే స్క్రూ కూడా తిప్పారు. చాకు తిరిగొస్తుంది, పదును తిరిగి రాదు. రోజూ రాత్రి అరగంట కూర్చుని నేను నూరుకునేది ఆ పదునే. నా సిద్దెలో నూనె అదే.

నాలుగేళ్ల కిందట వానాకాలంలో జరిగింది చెప్పాలి. సాయంత్రం లోడు. లారీ డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. కాంట్రాక్టు మీద బీహార్ నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ల పిల్లాడు, పనిలో రెండో రోజు, చాకు అడిగాడు. చేతిలో బిల్లులు చూసుకుంటూ, నడుస్తూనే, తెరిచి ఇచ్చాను. వాడి మొహం కూడా చూడలేదు. బిగించి ఉన్న స్ట్రాపు కోసేటప్పుడు పక్కకు నిలబడాలి, పైన ఒక చేత్తో అదిమి పట్టాలి, బ్లేడు ఒంటికి ఎడంగా పోవాలి. లేకపోతే తెగిన కొస కొరడాలా ఎగురుతుంది. వాడు ఎదురుగా నిలబడి తన వైపుకే లాగాడు. స్ట్రాపు ఒక్కసారి తెగింది. బ్లేడు ఎడమ చేతి బొటనవేలి మొదట్లో దిగింది. ఐదు కుట్లు. నాచారంలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది గానీ వాడి పేరు ఇంకా ఈఎస్ఐలో ఎక్కలేదు. పక్క వీధి క్లినిక్‌కు తీసుకుపోయాం. "వాడికే తెలివి లేదు" అన్నాడు కాంట్రాక్టరు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనలేదు కాబట్టే ఆ రాత్రి సానరాయి దగ్గర కూర్చోలేకపోయాను. అంత పదును పెట్టింది నేనే.

మూడు నెలలు ఎవరికీ చాకు ఇవ్వలేదు. జేబులో పెట్టుకునే, లేదన్నాను. అబద్ధమని తెలిసీ, జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది అరణ్యకాండలో సీత చెప్పిన కథ. రాక్షసుల మీదికి వెళ్లబోతున్న రాముడికి ఆమె చెబుతుంది. ఒక తపస్వి ఉండేవాడు. తపస్సు చెడగొట్టాలని ఇంద్రుడు భటుడి వేషంలో వచ్చి, తన ఖడ్గాన్ని అతని దగ్గర దాచమని పెట్టి వెళ్లాడు. నమ్మి అప్పగించిన వస్తువు కదా, పోగొట్టకూడదని ఆ ముని దాన్ని క్షణం వదల్లేదు. పళ్లకూ దుంపలకూ అడవిలోకి వెళ్లినా వెంట తీసుకుపోయాడు. రోజూ కత్తి పట్టుకుని తిరగ్గా తిరగ్గా మనసు కరకుబారింది, తపస్సు పోయింది, చివరికి నరకానికి పోయాడు. ఆయుధం దగ్గరుంటే హింస అలవాటవుతుందని ఈ కథకు చెప్పే అర్థం. నాకు ఇంకొకటి కూడా కనబడింది. ఆ ముని పాపం చేయాలనుకోలేదు. జాగ్రత్తగా ఉండాలనుకున్నాడు. కాపలా కాసి కాసి చెడిపోయాడు. మూడు నెలలు నేను చేసింది కూడా కాపలాయే.

పిల్లాడు మళ్లీ పనిలోకి వచ్చాడు. మచ్చ ఉంది, వేలు బాగానే వంగుతోంది. ఒకరోజు టీ దగ్గర అడిగాను, నీ సొంత కట్టరు ఒకటి తెచ్చుకోవచ్చు కదరా అని. మొదటి రోజే తెచ్చానన్నాడు. గేటు దగ్గర తీసేసుకున్నారట. కాంట్రాక్టు వాళ్ల జేబులు పొద్దునా సాయంత్రం వెతుకుతారు. పర్మనెంటు వాళ్లవి వెతకరు. అన్నేళ్లు ఆ గేటులోంచి రోజుకు రెండుసార్లు నడిచాను, నా జేబును ఎవరూ ముట్టలేదు కాబట్టి పక్క వరుసలో ఏం జరుగుతోందో చూడలేదు. కోసే వస్తువు లేకుండా ఎట్లా వస్తారని ఇన్నేళ్లు మనసులో తిట్టుకున్నానే, వాళ్లలో ఎందరు తెచ్చుకుని గేటు దగ్గర వదిలేసి వచ్చారో! బుద్ధిలేని ఐదుగురు కన్యకల్లో వీడు లేడు. నూనె తెచ్చుకున్నవాడి సిద్దెను తలుపు దగ్గరే లాక్కున్నారు. చెల్లెకు ఈ మాట చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ కథల గిట్ల లేదన్నా" అంది మెల్లగా. నిజంగానే లేనివాళ్లూ ఉన్నారు, ఆఫీసు గదిలో. వాళ్ల జేబు ఎవరూ వెతకరు, అయినా చాకు మోయరు. వాళ్లు అడిగితే నా చెయ్యి ముందే జేబులోకి పోయేది. తిరిగి మేలు చేయలేనివాడికి ఇచ్చిందే సాత్త్విక దానమని భగవద్గీత 17వ అధ్యాయంలో ఉంది. నాది సరిగ్గా తలకిందులుగా నడిచింది.

తెచ్చుకోవడం, సిద్ధంగా ఉండటం ఎవరికి వాళ్లే చూసుకోవాల్సిన గుణం అని మనం గట్టిగా నమ్ముతాం. మా నాయన రెండుసార్లు చెట్టుమీంచి జారాడు. రెండుసార్లూ ఊళ్లో అన్నమాట, చూసుకోవద్దా అని. 2024 జూలైలో అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర లష్కర్‌గూడలో గీత కార్మికులు కొలిచే కాటమయ్య పేరు మీద వాళ్లకు సేఫ్టీ కిట్లు ఇచ్చారు. ఆ తాళ్లూ కొక్కేలూ టీవీలో చూస్తూ నాకు కళ్లు నిండాయి. చూసుకోవడానికి నాయన చేతికి ఎవరు ఏమిచ్చారు?

ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాకా బస్సులో చదువుకునే అలవాటు నాకుంది. నారపల్లి దాటాక ఫ్లైఓవర్ పిల్లర్ల మధ్య బస్సు నత్తలా పోతుంది, రెండు పేజీలు ఎక్కువే సాగుతాయి. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి పదకొండో అనువాకం అక్కడే పట్టుకున్నాను. చదువు ముగించుకుని ఇంటికి వెళ్లే శిష్యుడికి గురువు చెప్పే మాటలవి. ఎంత ఇవ్వాలో అందులో లెక్క కట్టలేదు, ఎట్లా ఇవ్వాలో చెప్పారు. శ్రద్ధ ఉండాలి, సిగ్గు ఉండాలి, భయం ఉండాలి. సంవిద్ కూడా ఉండాలి, ఆ మాటకు మైత్రి మొదలైనవని శంకరులు అర్థం చెప్పారు. శ్రద్ధ అంటే విశ్వాసమని పండితులు రాస్తారు. కానీ తెలుగులో మనకు ఆ మాట బడిలో పంతులు నోట మొదట వినబడింది. శ్రద్ధగా రాయి, శ్రద్ధగా చూడు. నేను చాకు పట్టుకుని ఈ అర్థంతోనే చదివాను. చూసి ఇవ్వడం. పిల్లాడికి ఆ సాయంత్రం నేను ఇవ్వనిది అదే. నా దగ్గర ఉండి వాడి దగ్గర లేదన్న సిగ్గు నాకు ఉండాల్సింది, వాణ్ని చూసి కోపం తెచ్చుకున్నాను. ఇక భయం. ఇచ్చేటప్పుడు భయమెందుకని వేదాంతం చదివినవాళ్లు తర్కిస్తారు. కత్తి ఇచ్చినవాడికి ఆ మాట వివరించనక్కరలేదు. నాయన కత్తి ఇవ్వకుండా తనే వెంట పోయింది ఆ భయంతోనే. అమ్మ కింద పెట్టమన్నది కూడా అంతే. కింద పెడితే ఇచ్చేవాడు ఒక్క క్షణం ఆగుతాడు, తీసుకునేవాడు పిడి ఎటుందో చూసి తీసుకుంటాడు.

కంపెనీని అడిగాను, బ్లేడు లోపల దాగి ఉండే సేఫ్టీ కట్టర్లు ఆరు కావాలని. రెండు ఇచ్చారు, ప్యాకింగ్ టేబుల్‌కు గొలుసుతో కట్టి. మిగతా నాలుగింటి కోసం ప్రతి నెలా కాగితం పెడుతున్నాను. గేటు దగ్గర వెతకడం ఆగలేదు. కాబట్టి చాకు అడుగుతూనే ఉన్నారు, నేను ఇస్తూనే ఉన్నాను. ఇచ్చే ముందు ఒకటి అడుగుతాను, ఏం కొయ్యాలె అని. కొత్తవాడైతే వెంట పోతాను. టైము లేకపోతే నేనే కోస్తాను. నాయన లాగా.

పోయిన వారం సాయంత్రం లోడుకు ఇంకో కొత్త పిల్లాడు వచ్చాడు. చాకు అడిగాడు. నేను జేబులోంచి తీసి కట్ట మీద పెట్టేలోపే, మచ్చ చేతి పిల్లాడు వచ్చి దాన్ని తీసుకున్నాడు. ఇప్పుడు వాడే లోడర్లకు పెద్ద. తెరిచాడు. తమ భాషలో ఏదో చెబుతూ కొత్తవాణ్ని భుజం పట్టి పక్కకు జరిపాడు, వాడి ఎడమ చేతిని స్ట్రాపు మీద పెట్టి అదిమాడు, గడ్డం పట్టుకుని మొహం అటు తిప్పాడు. బయట లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మా ముగ్గురిలో ఎవరమూ తల తిప్పలేదు.