మేకలు మాట విన్న రోజు

మా మనవరాలు వేసవి సెలవులకొచ్చి వెళుతూ వెళుతూ ఒక ఇంగ్లీషు పుస్తకం మంచం మీద మరిచిపోయింది. చూస్తే మంత్రగాళ్ళ కథ. ఈ వయసులో నాకీ మంత్రాలేమిటి అనుకుంటూనే, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక నాలుగు పేజీలు తిప్పాను. అంతే, సాయంత్రం పొయ్యి మీద పాలు పొంగిపోయిన సంగతి కూడా తెలీలేదు.

రాసినావిడ ఉర్సులా లె గ్విన్ అనే అమెరికా రచయిత్రి. 2018లో పోయారు. ఈ పుస్తకం, 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ', 1968లో వచ్చింది. ఎర్త్‌సీ అంటే సముద్రం నిండా దీవులున్న ఒక లోకం. అందులో గాంట్ అనే దీవిలో కంచుపని చేసే ఒకాయన కొడుకు కథ ఇది. పిల్లాడికి ఏడాది నిండకుండానే తల్లి పోయింది. వాడికి ఏడేళ్ళప్పుడు తల్లి తోడబుట్టినావిడ (పిన్నో పెద్దమ్మో ఎలా తెలుస్తుంది, ఇంగ్లీషువాళ్ళకి అందరూ ఆంటీలేగా! నేను పిన్ని అనే అనుకున్నాను) ఇంటి కప్పెక్కి దిగనని మొరాయించే మేకని ఏవో మాటలని దింపేసింది. మర్నాడు వీడు మేకలు కాస్తూ అవే మాటలు అరిచాడు. అర్థం తెలీదు, సరదాకి. మేకలన్నీ వచ్చి చుట్టూ మూగాయి. పొమ్మంటే పోవు. వీడు భయపడి ఏడుస్తూ ఊళ్ళోకి పరిగెత్తితే అన్నీ ఒంటికి అంటుకుపోయినట్టు వెంటే వచ్చాయి. వదిలించే మాట పిన్నికే తెలుసు.

నాకు కథంతా ఇక్కడే ఉందనిపించింది. ఆ లోకంలో శక్తి పుట్టుకతో వస్తుంది. కంసాలి ఇల్లా, రాజుగారి కోటా అని చూడదు. కానీ మేకల్ని పిలవడం వాడికి పుట్టుకతో వచ్చింది గానీ, వదిలిపెట్టడం నేర్చుకోవలసి వచ్చింది.

తర్వాత వాడికి ఓజియన్ అనే గురువు దొరికాడు. ఆయన వాన మొదలైతే మంత్రమేసి ఆపడు, చెట్టు కింద తడుస్తూ పడుకుంటాడు. శిష్యుడికి ఒళ్ళు మండిపోతుంది. ఇదేం గురువని రోక్ దీవిలో పెద్ద బడికి వెళ్ళిపోయాడు. అక్కడ ప్రతి వస్తువుకీ అసలు పేరొకటుంటుందనీ, అది తెలిస్తేనే మంత్రం పనిచేస్తుందనీ చెబుతారు. అందుకని పిల్లల్ని ఒక గోపురంలో కూచోబెట్టి పేర్ల జాబితాలు బట్టీ పట్టిస్తారు. అర్ధరాత్రికల్లా సిరా మాయమైపోతుంది, వచ్చిందా సరే, లేదా అంతే సంగతులు. మా తాతగారు అమరకోశం వల్లె వేయించడం గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇంతా చదివి మనవాడు తోటి కుర్రాడి మీద పంతానికి పోయి చనిపోయిన మనిషి ఆత్మని పిలిచాడు. దాంతోపాటు ఒక నీడ కూడా వచ్చి పడింది. వాణ్ణి కాపాడబోయి ఆ బడి పెద్దాయన ప్రాణమే పోయింది. మళ్ళీ అదే మేకల తంతు, ఈసారి పిన్ని లేదు.

అసలు శక్తే లేనివాళ్ళ మాటేమిటంటారా? హారీ పాటర్ కథల్లో ఫిల్చ్ అని, మంత్రగాళ్ళ ఇంట్లో పుట్టీ ఏ మంత్రమూ రానివాడు ఒకడున్నాడు. పాపం దొంగచాటుగా పోస్టల్ కోర్సు తెప్పించుకుంటాడు. పిల్లలు నవ్వుతారు, నాకు మాత్రం జాలేసింది.

అంతకన్నా జాలి ఆ పిన్ని మీద. ఆవిడేం దేవత కాదు. పిల్లాణ్ణి తన పనులకి వాడుకుందామనే మొదట చూసింది. అయినా తనకొచ్చింది దాచుకోకుండా చెప్పింది. అది కొంచెమే, ఎందుకంటే ఆవిడకి ఎవరూ చెప్పలేదు. రోక్ బడిలోకి ఆడవాళ్ళని రానివ్వరు. రానివ్వరా, పైగా ఆడవాళ్ళ మంత్రం అంటే పస లేనిదీ, మంచిది కానిదీ అని దీవిలో నానుడి! బడి తలుపు వేసేసి, బయట ఉన్నవాళ్ళకి చదువు రాదనడం ఏం న్యాయమండీ?

అని కోపం తెచ్చుకోబోయి ఆగిపోయాను. మా అబ్బాయి పదో తరగతిలో ఉన్నప్పుడు లెక్కల ట్యూషను పెట్టాం. అమ్మాయి తొమ్మిది. ఇద్దరికీ ఫీజు కట్టే స్తోమత లేదు. "దానికి ఎలాగూ పుట్టుకతోనే వచ్చు, వాడికి చెప్పిద్దాం" అన్నారు ఈయన. నాకూ సబబుగానే తోచింది. రెండేళ్ళు తిరిగేసరికి ఇంటర్లో దానికి లెక్కలు బరువయ్యాయి. గ్రూపు మార్చుకుంటానంది. "ఆడపిల్లకి ఆ మాత్రం చాల్లే" అన్నాను. ఆ మాట అన్నది ఆయన కాదు, నేనే. తెలివి ఉందని ట్యూషను మానిపించాం, తీరా వెనకబడితే తెలివి లేదన్నాం.

లె గ్విన్ గారికి కూడా మనసులో ముల్లు గుచ్చుకునే ఉంటుంది. 1990లో 'తెహాను' రాసి, అదే లోకాన్ని పిల్లల్ని పెంచి, పొలం చూసుకున్న ఒక ఆడమనిషి కళ్ళతో చూపించారు. 2001లో వచ్చిన కథల పుస్తకంలో అయితే, రోక్ బడిని పెట్టినవాళ్ళలో ఆడవాళ్ళున్నారనీ, తర్వాత్తర్వాత వాళ్ళనే బయటికి నెట్టేశారనీ రాశారు. ముప్ఫై ఏళ్ళు పట్టినా తన లోకాన్ని తనే దిద్దుకున్నారు. రచయితలకి ఆ వీలుంది.

మొన్న ఆదివారం అమ్మాయి ఫోను చేస్తే అడిగాను, ఆ ట్యూషను గుర్తుందా అని.

"ఎందుకు లేదమ్మా? వాన పడితే అన్నయ్యకి గొడుగిచ్చి పంపేదానివిగా. ముందే వెళ్ళి మాస్టారి మెట్ల మీద కూచునేదాన్ని. ఆయన గొంతు బయటికి బాగానే వినపడేది."

"ఎన్నాళ్ళు కూచున్నావే అలా?" అన్నాను.

"వానాకాలమంతా" అంది.