కుందేలు అడిగింది కదా అని...

ఆ మధ్య ఒక సాయంత్రం ఏలూరులో తెలిసినవారి ఇంటికి వెళ్లాం. టీతోపాటు పళ్లెంలో బిస్కెట్లు, బెల్లం పూతరేకులు పెట్టారు. పళ్లెం చప్పుడు వినగానే మూలనున్న తెల్ల కుందేలు గెంతుకుంటూ వచ్చింది. వెనుక కాళ్లపై నిలబడి, ముక్కు అదిలిస్తూ మా చేతుల వంక చూడసాగింది. ఇంటి చిన్నారి పూతరేకు ముక్క తుంచి దాని నోటికి అందించబోయింది. వాళ్ల నానీ చెయ్యి పట్టుకుని ఆపింది.

“పాపం, అడుగుతోంది కదా నానీ! అడిగినవారిని కసురుకోకూడదని నువ్వే చెప్పావుగా?”

“దీని జోడీ ఎలా పోయిందో మరిచిపోయావా బేటీ?” అంది నానీ.

తాడేపల్లిగూడెం నుంచి మామూ తెచ్చిన జత అది. రంజాన్ పండుగనాడు ఇంటికి వచ్చినవారంతా ముద్దుచేస్తూ తలా ఒక తీపి ముక్క పెట్టారట. మర్నాటికి ఒక కుందేలు పొట్ట ఉబ్బి, మేత ముట్టలేదు. మూడో రోజుకు చనిపోయింది. “మరి నాకు గునాహ్ అయిందా?” అని పాప కళ్లనీళ్లు పెట్టుకుంది.

ప్రేమతో పెట్టినది ప్రాణం తీస్తే అది కారుణ్యమా, పాపమా? చిన్నారి ప్రశ్నే గాని, చిన్న ప్రశ్న కాదు.

అడిగేది ఆకలా, రుచా?

కుందేలు గడ్డి తినే జీవి. దాని పెద్దపేగు మొదట్లో ఒక సంచి ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెట్టి పోషకాలుగా మారుస్తాయి. తీపి, పిండిపదార్థాలు ఎక్కువైతే అక్కడ మేలు చేసే సూక్ష్మజీవులు తగ్గి, కీడు చేసేవి పెరుగుతాయి. పొట్ట ఉబ్బుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. వాంతి చేసుకునే శక్తి కుందేలుకు లేదు. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. చాక్లెట్ అయితే దానికి విషమే.

ఇవేవీ ఆ మూగజీవికి తెలియవు. పచ్చిక బయలులో బెల్లం దొరకదు గనుక తీపి మీది ఇష్టం అక్కడ దాని ప్రాణం మీదికి తేదు. మన ఇంట్లో తీపి రోజూ ఉంటుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

కైకలూరు వైపు కొల్లేటి ప్రాంతంలో చేపల రైతును అడగండి. తవుడు నింపి, చిల్లులు పెట్టిన సంచులను చెరువులో కడితే చేపలు గుంపులుగా వచ్చి తింటాయి. వస్తున్నాయి కదా అని అతను మేత కుమ్మరించడు. మబ్బు పట్టిన రోజున తగ్గిస్తాడు. మిగిలిన మేత కుళ్లితే నీటిలో ప్రాణవాయువు తగ్గి, తెల్లవారేసరికి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయని అతనికి తెలుసు. లాభం కోసం పెంచే చేప విషయంలో ఉన్నపాటి జాగ్రత్త, ప్రేమతో పెంచే కుందేలు విషయంలో ఉండవద్దా?

తలుపు మన చేతిలో ఉంది

పిల్లిని కట్టిపడేసి, తాను మేత పెట్టక, తిరిగి తిననీయక చంపిన స్త్రీ శిక్షకు గురైందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ఈ హదీసును మనం ఆకలి గురించి మాత్రమే చెప్పుకుంటాం. కాస్త ఆలోచించండి. ఒక ప్రాణిని బంధించామంటే అది తన మేలు తాను వెతుక్కునే దారిని మూసేశామన్నమాట. ఇక దాని మేలు వెతకవలసిన బాధ్యత మనదే. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ పిట్టను పెంచుకుంటే దైవప్రవక్త (స) వద్దనలేదు, ఆప్యాయంగా దాని యోగక్షేమాలు అడిగేవారు. పెంచుకోవడం తప్పు కాదు. పెంచడం అమానత్ అని మరవడమే తప్పు.

అయితే ఇక్కడ మరో మోసం పొంచి ఉంది. “నీ మేలు కోసమే ఇవ్వడం లేదు” అని చెప్పి పిసినారితనాన్ని దాచుకునేవారూ ఉన్నారు. యాచకుణ్ణి కసిరి పంపేవారి నోట తరచూ వినిపించే మాట ఇదే. మరి తేడా తెలిసేదెలా? వద్దన్న తర్వాత ఏం చేశామన్నదే గీటురాయి. ఆ నానీ పూతరేకు లాక్కుని ఊరుకోలేదు. మోకాళ్ల నొప్పులతోనే లేచి, పెరట్లోంచి గుప్పెడు గరిక కోసుకొచ్చి పాప చేతికే ఇచ్చింది. తీపి ముక్క విసరడం తేలిక. గడ్డి కోసుకురావడం కష్టం. కారుణ్యం ఎక్కువగా ఆ కష్టంలోనే ఉంటుంది.

ఇక పాప ప్రశ్న. యుక్తవయసు రాని పిల్లల కర్మలు లిఖించబడవని ప్రవక్త (స) తెలిపారు. కాబట్టి బేటీ, నీ మీద గునాహ్ లేదు. తెలియక చేసిన పెద్దలు అల్లాహ్‌ను క్షమాపణ వేడుకోవాలి. తెలిసిన తర్వాత కూడా ముద్దుకోసం పెట్టేవారు మాత్రం కుందేలును కాదు, తమ సరదాను మేపుతున్నారు.

మనమూ చేతులు చాచి అడిగేవాళ్లమే. మనం ఇష్టపడేది మనకు కీడు కావచ్చునని దివ్య ఖుర్‌ఆన్ బోధిస్తోంది. అడిగిన దుఆ అడిగినట్లే నెరవేరనప్పుడు ఈ కుందేలు గుర్తుకు రావాలి.

నోరులేని ప్రాణుల పట్ల తెలివితో కూడిన దయను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.