వాన ఎవరి పక్షం?

బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో, సృష్టి ఈశ్వరుడికి లీల అంటుంది 33వ సూత్రం. లీలైతే ఒకడికి సుఖం, ఒకడికి దుఃఖం ఎందుకు? అది పక్షపాతమా, దయలేనితనమా? ఈ నిలదీతకు జవాబు 34వ సూత్రం. శంకరులు అక్కడ వానను ఉదాహరణగా తెస్తారు. వరికీ యవలకూ కురిసే వాన ఒకటే, తేడా గింజలో ఉంది. అలాగే ఈశ్వరుడు అందరికీ సమానమే, తేడా ఎవరి కర్మలో వాళ్ళకుంది.

అనంతపురంలో కూర్చుని ఒక్కణ్ణే గేములు చేస్తుంటాను. ఇప్పటి గేములో ఆడేవాడు శెనక్కాయ రైతు. 2023 సెప్టెంబర్‌లో, అప్పటిదాకా నేను వాడిన గేమ్ ఇంజిన్ యూనిటీని తయారుచేసే సంస్థ ఇన్‌స్టాళ్ళ లెక్కన రుసుము ప్రకటించినప్పుడు, అది నాదాకా వచ్చేది కాకపోయినా, 2014 నుంచీ ఓపెన్ సోర్స్‌గా ఉన్న గోడో ఇంజిన్ వైపు చూశాను. ఏడాదికి ఆ రుసుము రద్దయింది. నేను మాత్రం గోడోలోనే ఉండిపోయాను.

పాత కోడ్‌లో వానే చేలన్నిటి దగ్గరకూ వెళ్ళి ఈ చేనికింత, ఆ చేనికంత అని పంచేది. గోడోలో పని తీరు వేరు. గేములో ఒక్కో భాగం ఒక్కో నోడ్; వాన నోడ్ ఒక సిగ్నల్ వదిలేసి ఊరుకుంటుంది. ఎవరు విన్నారో దానికి తెలియదు. విన్న చేను తన నేలను బట్టి తడుస్తుంది: నల్లరేగడి తేమను పట్టుకుంటుంది, ఎర్రనేల తొందరగా ఆరిపోతుంది. శంకరుల ఉదాహరణ కోడ్‌గా మారి ఎదురుగా నిలబడింది.

కానీ ఆ వాన మా సీమలో కురవదు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుంటాయి, ఈశాన్యపువి మాదాకా వచ్చేసరికి పలచబడతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అది కూడా దోవకు ఈ పక్క పడి ఆ పక్క పడదు. పదునైందని విత్తనం వేస్తే, ఊడలు దిగే వేళకు చినుకుండదు. ఇక్కడ గింజ ఒకటే, తేడా వానలో ఉంది. పోనీ కర్మ అనుకుందామంటే, కర్మ ఎవరిది వాళ్ళది, ఎండేది మాత్రం ఊరంతా. పాపాత్ములందరూ ఒకే మండలంలో పుట్టారా?

మరి మొట్టమొదట ఏ కర్మ ఉందని అడిగితే, సంసారం అనాది అంటుంది 35వ సూత్రం. గేముకు ఆ వీలు లేదు. యాదృచ్ఛిక సంఖ్యల వరుసకు ఒక తొలి అంకె కావాలి. గోడో 4 ఆట తెరిచిన ప్రతిసారీ దాన్ని తానే వేస్తుంది. అదే అంకె మళ్ళీ ఇస్తే అదే కరువు మళ్ళీ వస్తుంది. ఏ చేనూ ఏ తప్పూ చేయకముందే ఆ అంకె పడిపోయి ఉంటుంది.

పాత కోడ్‌లో నేను దయతో రాసుకున్న ఒక లైను ఉంది: వరుసగా రెండేళ్ళు ఎండితే మూడో ఏడు వాన ఖాయం. ఇంజిన్ మారితే ప్రతి లైనూ మళ్ళీ రాయాలి, రాసేముందు అది ఎందుకుండాలో మళ్ళీ తేల్చుకోవాలి. నాయన్ను అడిగాను. "మూడో ఏడు పడతాదని రాసిచ్చేటోడుంటే ఇంగేం, అడిగినోడికల్లా అప్పు పుట్టేది గదా" అన్నాడు. నియమంగా రాసిన దయ లెక్కలోకి వెళ్ళిపోతుంది. ఆడేవాడు పంట మానేసి మూడో ఏడు కోసం కూర్చుంటాడు. ఆ లైను కొత్త కోడ్‌లోకి రాలేదు.

లీల అన్నప్పుడు శంకరులు చూపించేది కోరికలన్నీ తీరిన రాజును. లోటు లేనివాడి ఆట అది. చేలో నిలబడ్డవాడికి లోటు తప్ప ఏముంది? నా గేములో ఓడినవాడు మళ్ళీ మొదలుపెట్టుకుంటాడు, రైతుకు పోయిన పంటకాలం పోయినట్టే. ఈశ్వరుడి మీద నింద లేదని సూత్రకారుడు నిరూపించాడు, ఒప్పుకుంటాను. రైతు అడుగుతున్నది ఈశ్వరుడి తప్పొప్పుల గురించి కాదు, వచ్చే ఏటికి విత్తనం ఎక్కడినుంచి తేవాలని.

అందుకే వానను దాని మానాన వదిలి, చేల మీద పని మొదలుపెట్టాను. శెనక్కాయ సాళ్ళ నడుమ కంది వేసుకోవచ్చు, ఎగువ చెరువు పూడిక తీయొచ్చు, పక్క రైతుకు విత్తనం బదులివ్వొచ్చు. చేను నోడ్లు ఇప్పుడు వాన సిగ్నల్‌తోపాటు పొరుగు చేను సిగ్నల్ కూడా వింటున్నాయి. బదులిచ్చిన ఆటగాడికి పాయింట్లు పెట్టాలా అన్నది ఇంకా తేలలేదు. పెట్టకపోతే ఎంతమంది ఇస్తారో తెలియదు. పెడితే మాత్రం ఇచ్చింది దయతోనా, పాయింట్ల కోసమా అన్నది ఇచ్చినవాడికే తెలియకుండా పోతుంది.